కాంతితో స్పిన్ గమనమును కొలిచిన చరిత్ర

బొంగరము వేగముగా తిరుగునపుడు దానిపై గీతలు కంటికి కనబడవు. వాటిని చూడవలెనన్న, ఆ తిరుగుడు కంటె వేగముగా వెలిగి ఆరిపోవు దీపము కావలెను. అయస్కాంతముల లోపల ఇట్టి బొంగరములు లెక్కకు మిక్కిలిగా కలవు. అవి ఎలక్ట్రానుల స్పిన్‌లు. వాటి మార్పులలో కొన్ని పికోసెకండులో, అనగా సెకండులో లక్షకోట్లవ వంతులో, ముగిసిపోవును. మామూలు గడియారములకు అందని ఈ స్వల్పకాలమును శాస్త్రజ్ఞులు ఎట్లు కొలువగలిగిరి? కాంతి సహాయముతోనే. ఆ చరిత్ర 1845లో మొదలైనది.

ఆ సంవత్సరము సెప్టెంబరులో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఒక ప్రయోగము చేసెను. బరువైన సీసపు గాజు ముక్కను విద్యుదయస్కాంతము చెంత నుంచి, దాని గుండా ధ్రువిత కాంతిని, అనగా ఒకే తలములో కంపించు కాంతిని, పంపెను. అయస్కాంతము పనిచేయుచున్నంతసేపు కాంతి కంపన తలము కొద్దిగా ఒక ప్రక్కకు తిరిగెను. విద్యుత్తు ఆపగానే ఆ మార్పు మాయమయ్యెను. 1877లో స్కాట్లండు దేశీయుడైన జాన్ కెర్, నునుపు చేసిన అయస్కాంత ధ్రువముపై పడి పరావర్తనము చెందిన కాంతిలోను ఇట్టి మార్పు కలదని ప్రకటించెను. కనుక కాంతి తలము తిరిగిన కోణమును కొలిచినచో పదార్థములోని అయస్కాంతత్వమును అంచనా వేయవచ్చును. ఆనాటికి ఎలక్ట్రానే తెలియదు. ఎలక్ట్రానుకు స్పిన్ కలదని ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను ఇరువురు 1925లో ప్రతిపాదించిరి.

ఈ విధముగా స్పిన్‌లను చూచుటకు కన్ను దొరికినది. ఇక గడియారము కావలెను. దాని కీలకమును 1899లో ఫ్రాన్సు దేశీయులైన అబ్రహాం, లెమ్వాన్ చూపిరి. విద్యుత్ క్షేత్రములో ఉంచిన కొన్ని ద్రవములు కాంతి ధ్రువణమును మార్చును. క్షేత్రము తొలగిన తరువాత ఆ గుణము ఎంతసేపు నిలుచునో వారు తెలిసికొనగోరిరి. ఒక విద్యుత్ స్ఫులింగముతో క్షేత్రమును తొలగించి, ఆ స్ఫులింగపు కాంతినే దర్పణములమీదుగా కొంత దూరము నడిపించి ద్రవములోనికి పంపిరి. దూరము పెంచిన కొలది కాంతి ఆలస్యముగా చేరును. కాలమును కొలుచుటకు వారు వాడిన సాధనము దూరమే!

ఈ ఉపాయము స్పిన్‌లకు పనికిరావలెనన్న స్ఫులింగము కంటె ఎంతో క్షణికమైన వెలుగు అవసరము. 1960లో మైమన్ మొదటి లేసరును నిర్మించెను. 1981లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు 100 ఫెమ్టోసెకండ్ల కంటె తక్కువ కాలము నిలుచు లేసరు స్పందములను సాధించిరి. ఫెమ్టోసెకండు అనగా పికోసెకండులో వెయ్యవ వంతు. 1991లో సిబెట్ బృందము టైటానియం కలిసిన నీలమణి స్ఫటికముతో ఇట్టి స్పందములను సులభముగా పొందు మార్గమును చూపిన పిమ్మట, ఈ పరికరములు అనేక ప్రయోగశాలలకు ప్రాకినవి.

ప్రయోగ విధానము ఇట్లుండును. ఒక స్పందమును రెండుగా చీల్చెదరు. బలమైన భాగము పదార్థమును తాకి స్పిన్‌లను కదిలించును. బలహీనమైన భాగము కొంత ఆలస్యముగా వచ్చి, ఫారడే, కెర్ చూపిన రీతిని, ఆ క్షణమందలి స్పిన్‌ల స్థితిని తెలుపును. ఆలస్యమును కొద్దికొద్దిగా మార్చుచు మరల మరల కొలిచినచో, చలనచిత్రము వలె మార్పు అంతయు వరుసగా బయటపడును.

ఈ పద్ధతికి అయస్కాంత అర్ధవాహకములు మిక్కిలి అనువైన రంగమైనవి. సాధారణ అర్ధవాహకములలో మాంగనీసు వంటి అయస్కాంత పరమాణువులను కలిపి వీటిని చేయుదురు. 1996లో క్రూకర్, ఆష్‌లమ్, సమర్థ్ మొదలగువారు ఇట్టి పలుచని పొరలపై స్పందములను ప్రయోగించిరి. కాంతి లేపిన ఎలక్ట్రానుల స్పిన్‌లు అతివేగముగా తల ఆడించి కొన్ని పికోసెకండ్లలోనే చల్లారెను. కాని కాంతి వలన పుట్టిన వాహకములు త్రోసిన త్రోపుకు మాంగనీసు స్పిన్‌లు వందల పికోసెకండ్ల వరకు బొంగరముల వలె తల ఆడించుచునే యుండెను.

అదే సంవత్సరము ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో బోర్‌పేర్, బీగో మొదలగువారు నికెల్ పొరపై 60 ఫెమ్టోసెకండ్ల స్పందమును వేయగా, దాని అయస్కాంతత్వము పికోసెకండు ప్రాంతములోనే బాగుగా క్షీణించెను. ఇంత త్వరితమైన మార్పును అంతకుముందు ఊహించలేదు. మరి అర్ధవాహకములలో? గాలియం ఆర్సెనైడులో మాంగనీసు చేరినపుడు, ఎలక్ట్రాను లేని ఖాళీలు, అనగా రంధ్రములు, ఏర్పడును. మాంగనీసు స్పిన్‌లను ఒక్కదిశకు త్రిప్పి నిలుపునవి ఇవియే. కాంతి కూడ రంధ్రములను పుట్టించును. అట్లయిన కాంతి అయస్కాంతత్వమును చెరచునా, పెంచునా?

2005లో వాంగ్, కోనో మొదలగువారు ఇండియం మాంగనీసు ఆర్సెనైడులో అయస్కాంతత్వము పికోసెకండు లోపలనే తగ్గుటను చూచిరి. 2007లో గాలియం మాంగనీసు ఆర్సెనైడులో వాంగ్ బృందము మరియొక వింతను కనుగొనెను. మొదట క్షణమాత్రము అయస్కాంతత్వము తగ్గెను. పిమ్మట 100 పికోసెకండ్ల ప్రాంతములో అది తొలి స్థాయిని మించి పెరిగెను. కాంతి రెండు పనులను చేయుచున్నదన్నమాట. మందకొడి పరికరముతో చూచిన ఇవి రెండును కలిసిపోయి, ఒక్క ఫలితమే కనబడి యుండును. ప్రశ్నకు సమాధానము గడియారపు సూక్ష్మతపై ఆధారపడినది.

విద్యుత్తుకు బదులు కాంతితోనే అయస్కాంతమును శాసించి సమాచారమును వ్రాయగలమా అన్నది ఈ పరిశోధనల వెనుక నున్న ఆశ. అందుకు ఒక పెద్ద అడ్డంకి కలదు. గాలియం మాంగనీసు ఆర్సెనైడు యొక్క అయస్కాంతత్వము 200 కెల్విన్‌ల ప్రాంతమునకే నశించును. మన గది ఉష్ణోగ్రత 300 కెల్విన్‌ల ప్రాంతము. కాబట్టి ఈ పదార్థము ఇంకను శీతలీకరణ పాత్రను దాటి మన ఇండ్లలోనికి రాలేదు.

ఈ గడియారపు లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థి చేయవచ్చును. కాంతి సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును, పికోసెకండులో 0.3 మిల్లీమీటరు. దర్పణమును 0.15 మిల్లీమీటరు వెనుకకు జరిపినచో, పోవు దారి, వచ్చు దారి కలిసి 0.3 మిల్లీమీటరు పెరుగును; స్పందము ఒక పికోసెకండు ఆలస్యమగును. మరి 100 ఫెమ్టోసెకండ్ల ఆలస్యమునకు దర్పణమును ఎంత జరుపవలెను? ఉపాధ్యాయులు ఈ ప్రశ్నను తరగతిలో వేసి చూడవచ్చును. జవాబు 15 మైక్రానులు. తల వెండ్రుక మందము కంటెను తక్కువ.