పాత విమానాన్ని ఎంచుకోవడం: పస్‌మాత్ నుంచి సిరస్ దాకా

1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా సంచులు మోసుకొచ్చారు. వాటిని అక్కడ అందుకున్న పైలట్ నెవిల్ విన్సెంట్ బళ్ళారిలో దిగి, మళ్ళీ లేచి మద్రాసు చేర్చారు. అప్పట్లో బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. ఆ దారిలో ఎగిరినది డి హావిలాండ్ పస్‌మాత్. ఒకే ఇంజిన్, 120 హార్స్‌పవర్, మూసిన కేబిన్, గంటకు సుమారు 170 కిలోమీటర్ల ప్రయాణ వేగం. ఈనాటి లెక్కలో చిన్నదే, కానీ ఆ రోజుల్లో సొంతంగా విమానం కొనుక్కునేవాళ్ళు ఆశపడే మేలైన రకం.

ఆ మేలైన రకానికే ఒక లోపం ఉండేది. 1930ల తొలి ఏళ్ళలో కొన్ని పస్‌మాత్‌లు గాలిలోనే రెక్కలు విరిగి కూలాయి. పరిశోధించి, రెక్కను పట్టి ఉంచే కడ్డీల దగ్గర బలం చేర్చాక ఆ ప్రమాదాలు తగ్గాయి. ఆ తర్వాత పస్‌మాత్ కొనేవాడు వేగం కన్నా ముందు అడగాల్సింది ఆ మార్పు జరిగిందా లేదా అన్నదే. వాడిన విమానాల బేరం చరిత్ర అంతటా నాకు ఈ ప్రశ్నే వినిపిస్తుంది. ప్రతి రకానికీ ఒక బలహీనమైన చోటు ఉంటుంది. దాన్ని ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు సరిదిద్దారు, మన ముందున్న విమానంలో ఆ పని నిజంగా జరిగిందా అన్నది తెలుసుకోకుండా మిగతావి మాట్లాడి లాభం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా వచ్చింది. 1945 డిసెంబర్‌లో తొలిసారి ఎగిరి, 1947లో అమ్మకానికి వచ్చింది. అంతా లోహం, మడుచుకునే చక్రాలు, ఇంగ్లీషు వీ అక్షరంలాంటి తోక. మన సంస్థానాధీశులూ దీన్ని ఇష్టపడ్డారు. జోధ్‌పూర్ మహారాజు హన్వంత్ సింగ్ 1952 జనవరి 26న బొనాంజా కూలి చనిపోయారు. అమెరికాలో దీనికి ‘డాక్టర్లను చంపే విమానం’ అన్న చెడ్డపేరు వచ్చింది. కొనే స్తోమత ఉండి, తగినంత సాధన లేని వృత్తి నిపుణులు మబ్బుల్లోకి వెళ్ళి అదుపు తప్పేవారు. దానికి తోడు వేగం హద్దు మీరితే తోక నిలిచేది కాదు. ఆ తోక బొనాంజాల తయారీ 1982లో ఆగింది, 1980ల చివర తోకకు అదనపు బిగింపు తప్పనిసరి అయింది. నేడు అలాంటి విమానం చూడబోయేవాళ్ళు ఆ బిగింపుతోబాటు, తోకలో కదిలే రెక్కల మెగ్నీషియం రేకుకి తుప్పు పట్టిందేమో తప్పక చూడాలి. ఆ రేకులు దొరకడం కష్టం. మామూలు తోకతో 1968లో వచ్చిన ఆరు సీట్ల 36 రకం బొనాంజాకి వీ తోక తలనొప్పి లేదు. కుటుంబంతో ప్రయాణించేవారికి నేను దాన్నే ముందు చెబుతాను.

మూనీ కంపెనీ తక్కువ పెట్రోలుతో ఎక్కువ వేగం సాధించింది. దాని తొలి ఎం20 విమానాల రెక్కలు చెక్కవి. 1961 నుంచి లోహపువి. సెస్నా 210 బరువు బాగా మోస్తుంది, కానీ కింద పట్టి ఉంచే కడ్డీ లేని రెక్క ఉన్న 210 ఒకటి 2019లో ఆస్ట్రేలియాలో గాలిలోనే రెక్క ఊడి కూలింది. మరుసటి ఏడే అమెరికా అధికారులు రెక్కల్ని కలిపే ప్రధాన దూలాన్ని పరీక్షించి తీరాలన్నారు. ఇక 2001లో వచ్చిన సిరస్ ఎస్‌ఆర్22కి 310 హార్స్‌పవర్ ఇంజిన్‌తోబాటు విమానం మొత్తాన్ని దించే పారాచూట్ ఉంది. దాన్ని పదేళ్ళకోసారి మార్చాలి, ఆ ఖర్చు చిన్నది కాదు. గడువు దగ్గరపడ్డ విమానాన్ని చవగ్గా అమ్ముతుంటే కారణం అదే కావచ్చు.

పాతదనం ఒక్కటే భయపడాల్సిన విషయం కాదు. 1982 అక్టోబర్‌లో 78 ఏళ్ళ టాటా 1930ల నాటి లెపర్డ్‌మాత్‌లో కరాచీ నుంచి బొంబాయికి మళ్ళీ ఎగిరారు. ఎవరో ఓపికగా చూసుకున్న విమానం అది. భయపడాల్సింది వాడకుండా వదిలేసిన ఇంజిన్‌ని. ఇరవై ఏళ్ళలో అతి తక్కువ గంటలు ఎగిరిందని మురిసిపోతాం గానీ, కదలని ఇంజిన్ లోపల కామ్‌షాఫ్ట్ తుప్పు పడుతుంది. తయారీదారులు ఓవర్‌హాల్‌కి గంటలతోబాటు ఏళ్ళ గడువు కూడా పెడతారు. అందుకే లాగ్‌బుక్‌లు మొదటి పేజీ నుంచి చదవాలి, సిలిండర్ల లోపలికి కెమెరా పెట్టి చూడాలి, ఆయిల్ ఫిల్టర్ కోసి లోహపు రజను వెతకాలి. ఈ పనులు అమ్మేవాడి మెకానిక్‌తో కాకుండా, ఆ రకాన్ని బాగా ఎరిగిన వేరే మనిషితో చేయించాలి.

విమానం ఎగిరే చోటు కూడా ముఖ్యమే. విన్సెంట్ దిగిన బళ్ళారి జిల్లాలోనే, సండూరు తాలూకా తోరణగల్లు దగ్గర జిందాల్ ఉక్కు కర్మాగారం రన్‌వే ఉంది, సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున. మే నెలలో ఎండ 40 డిగ్రీలకు చేరితే అక్కడి గాలి పల్చబడి, 1,500 మీటర్ల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఇంజిన్ శక్తి తగ్గుతుంది, నేల వదలడానికి ఎక్కువ దూరం పడుతుంది. అమెరికా పుస్తకాల్లో చదివిన బరువులు ఈ నేల మీద యథాతథంగా పనికిరావు. నలుగురు మనుషుల్నీ నిండు ట్యాంకునీ మోయగలదన్న మాటని ఆ వేడికి లెక్కగట్టి చూసుకోవాలి. ఇంధనం సంగతీ అంతే. ఈ ఇంజిన్లు జెట్ కిరోసిన్ తాగవు, వీటికి ఏవ్‌గ్యాస్ కావాలి. ఇండియన్ ఆయిల్ దాన్ని గుజరాత్ రిఫైనరీలో తయారుచేసి విడుదల చేసింది 2022లోనే. అంతకుముందు దిగుమతి మీదే ఆధారం. జెట్ ఇంధనం దొరికే చోటల్లా ఇది ఉండదు. బేరం కుదుర్చుకునే ముందు, మీరు తరచూ వెళ్ళే ఊళ్ళన్నీ రాసుకుని, ఏవ్‌గ్యాస్ ఎక్కడెక్కడ నిల్వ ఉంటుందో ఒక్కో విమానాశ్రయానికీ ఫోన్ చేసి కనుక్కోండి.