సేలం నీడలో సుఖాంతం: ‘ప్రాక్టికల్ మ్యాజిక్’ చిత్రం

1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రవిద్య నేరం మోపి 19 మందిని ఉరితీశారు. వారిలో 14 మంది స్త్రీలు. ఇరుగుపొరుగువారు సాక్ష్యం పలికారు, న్యాయస్థానం శిక్ష విధించింది. గ్రిఫిన్ డన్ దర్శకత్వంలో వచ్చిన ‘ప్రాక్టికల్ మ్యాజిక్’ (1998) ఈ రెండు పాత్రలనూ తలకిందులు చేసింది. ఉరి నుంచి బయటపడిన మరియా ఓవెన్స్ వంశజులైన సాలీ, జిలియన్ సోదరీమణులను ఊరు దూరం పెడుతుంది. జిలియన్‌ను హింసించిన ప్రియుడు వారి చేతుల్లో మరణించి, ప్రేతమై ఆమెను ఆవహించినప్పుడు ఆ ఊరి స్త్రీలే చీపుళ్లు పట్టి సాయానికి వస్తారు. దర్యాప్తునకు వచ్చిన అధికారి సాలీని ప్రేమిస్తాడు. పొరుగు నిజంగానే మారింది; చట్టం మాత్రం ఒక వ్యక్తి ప్రేమ వల్ల మెత్తబడింది. సేలం స్త్రీలకు హక్కుగా దక్కవలసిన న్యాయం సాలీకి అనుగ్రహంగా లభించింది. ప్రణయ హాస్యం కప్పిపుచ్చలేని చీకటి ఇదే.