సుస్థిరాభివృద్ధి వ్యూహము: ఐరోపా సమాఖ్య

నేటి తరము తన యక్కరలను తీర్చుకొనుచునే రాబోవు తరముల యక్కరలకు లోటు రానీయకుండ సాగించు అభివృద్ధియే సుస్థిరాభివృద్ధి యని, నార్వే ప్రధానమంత్రి గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన పనిచేసిన ఐక్యరాజ్యసమితి సంఘము 1987లో నిర్వచించెను. ఈ భావమును ఐరోపా సమాఖ్య తన మూల ఒడంబడికలలో చేర్చుకొని, 2001 జూన్‌లో స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్ నగరమున జరిగిన దేశాధినేతల సభలో దీర్ఘకాలిక వ్యూహముగా ఆమోదించినది. ఎన్నికల గడువు నాలుగైదేండ్లు. అడవి యెదుగుటకు, సముద్రమున చేపల సంతతి కోలుకొనుటకు, గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు తగ్గుటకు పట్టునది దశాబ్దములు, శతాబ్దములు. ఈ రెండు కాలమానముల నడుమ గల అంతరమే అట్టి వ్యూహమొకటి కావలయునను వాదమునకు పునాది.

ఈ వాదము ఐరోపాకు క్రొత్తది కాదు. శాక్సనీలోని ఫ్రైబెర్గ్ వెండి గనుల పాలనను చూచుచుండిన హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్, లోహమును కరగించు కొలుములకును గనులలో నిలుపు దూలములకును చుట్టుపట్ల అడవులు తరిగిపోవుటను గమనించి, పెరిగినంతకు మించి కలపను నరుకరాదని వాదించుచు 1713లో అరణ్యశాస్త్ర గ్రంథమొకటి ప్రకటించెను. ఆయన చింత వనసౌందర్యమును గూర్చినది కాదు, గనులు మూతపడునేమో యన్న భయమును గూర్చినది. సుస్థిరతను గూర్చిన ఆలోచన అక్కడ లెక్కల పుస్తకమునుండియే పుట్టినదనుట గమనింపదగినది.

సమాఖ్యకు మూలమైన 1957 నాటి రోమ్ ఒడంబడికలో పర్యావరణ ప్రసక్తియే లేదు. యుద్ధకాలపు ఆకలిని చవిచూచిన తరమునకు కావలసినది సమృద్ధి. 1962లో మొదలైన ఉమ్మడి వ్యవసాయ విధానము రైతునకు హామీ ధరలనిచ్చి ఆ సమృద్ధిని సాధించినది. సాధించి యాగనేరక, 1980 ప్రాంతమునకు వెన్నయు ధాన్యమును గోదాములలో పేరుకొనిపోవునంత చేసినది. ఇంతలో పొరుగుదేశముల పొగగొట్టములు వెడలగ్రక్కిన గంధకము స్వీడన్, నార్వే సరస్సులపై ఆమ్లవర్షమై కురియుచున్నదని స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంటె ఓడేన్ 1960 దశకాంతమున వెల్లడించెను. సరిహద్దులు దాటు వాయుకాలుష్యముపై 1979లో జెనీవాలో ఒప్పందము కుదిరినది.

అయితే జనుల మనస్సులను కదిల్చినది 1986 నవంబరు 1వ తేదీన రైన్ నదీతీరమున జరిగిన ప్రమాదము. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ చేరువ, ష్వైజర్‌హాలె యను చోట, శాండోజ్ సంస్థ రసాయనముల గోదాము తగులబడగా, మంటలార్పుటకు చిమ్మిన నీరు పురుగుమందులను, పాదరస సమ్మేళనములను, ఎర్రని రంగును కడిగికొని నదిలో కలిసెను. ఏరు ఎరుపెక్కెను, దిగువన వందల కిలోమీటర్ల మేర ఈల్ చేపలు చచ్చి తేలినవి, నదినుండి త్రాగునీరు తోడుకొను పట్టణములు ఆ పనిని నిలిపివేసినవి. మరుసటి యేడు రైన్ తీరదేశముల మంత్రులు, 2000 నాటికి సాల్మన్ చేప తిరిగి ఈ నదిలో బ్రతుకునట్లు చేయవలెనని తీర్మానించిరి. శుద్ధి, పరిరక్షణ వంటి మాటలను ఎవరికి తోచినట్లు వారు అన్వయించుకొనవచ్చును; చేప వచ్చినదా రాలేదా యన్నది రేవున నిలిచిన జాలరి యైనను చెప్పగలడు. మురికినీటి శుద్ధి కేంద్రములును, ఆనకట్టల ప్రక్క చేపలెక్కి పోవు మెట్లును కట్టబడిన పిమ్మట సాల్మన్ చేపలు మరల కనబడసాగినవి. ఐరోపా వ్యూహకర్తలకు ఇంతకంటె మంచి పాఠము దొరకలేదు. దానిని వారు అరకొరగానే నేర్చుకొనిరి.

1987లో అమలునకు వచ్చిన ఏక ఐరోపా చట్టము పర్యావరణమునకు ఒడంబడికలో ప్రత్యేక స్థానమిచ్చెను. 1997 నాటి ఆమ్‌స్టర్‌డామ్ ఒడంబడిక సుస్థిరాభివృద్ధిని సమాఖ్య ధ్యేయములలో చేర్చెను. 1999 డిసెంబరులో హెల్సింకీ సభ, ఆర్థిక, సామాజిక, పర్యావరణ విధానములను ఒక్కత్రాటిపైకి తెచ్చు దీర్ఘకాలిక వ్యూహమును సిద్ధపరుపుమని సమాఖ్య కార్యనిర్వాహక మండలి యైన కమిషన్‌ను కోరగా, రోమానో ప్రోడి నాయకత్వమందలి కమిషన్ 2001 మే నెలలో తన ప్రతిపాదనను వెలువరించెను. సమాఖ్య విధానములే ఒకదానికొకటి అడ్డుపడుచున్నవనుట అందలి ముఖ్యమైన వాదము. పొగాకు సంగతి చూడుడు: ఒక చేత క్యాన్సర్ నివారణకై పొగత్రాగుట మానుడని ప్రచారము సాగించుచు, రెండవ చేత ఇటలీ, గ్రీసు వంటి దేశములలో ఆ పంట పండించు రైతులకు సమాఖ్య సబ్సిడీలు పంచుచుండెను. చేపల నిల్వలు క్షీణించుచుండగా క్రొత్త పడవల నిర్మాణమునకు ధనసాయము చేయుటయు నిట్టిదే.

2001 జూన్ 15, 16 తేదీలలో నాటి పదునైదు సభ్యదేశముల నేతలు, స్వీడన్ ప్రధాని యోరన్ పెర్షన్ అధ్యక్షతన గోథెన్‌బర్గ్‌లో కూడిరి. ఉద్గారముల తగ్గింపునకై కుదిరిన క్యోటో ఒప్పందమును నిరాకరించిన అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ ముందునాడే అచ్చట వారితో చర్చలు జరిపియుండెను. వీధులలో నిరసనకారులకును పోలీసులకును ఘర్షణలు చెలరేగి, కాల్పులు సైతము జరిగెను. లోపల వ్యూహము ఆమోదము పొందెను. పోటీశక్తియు ఉద్యోగములును లక్ష్యముగా అంతకు ముందేడు లిస్బన్‌లో రూపొందిన కార్యక్రమమునకు పర్యావరణము మూడవ అంగముగా చేర్చబడెను. జీవవైవిధ్య క్షీణతను 2010 నాటికి అరికట్టవలెనని నిర్ణయించిరి. కాని శిలాజ ఇంధనముల సబ్సిడీలను 2010 నాటికి ముగింపుమన్న కమిషన్ సూచనకు తీర్మానములలో తావు దొరకలేదు. మాట తప్పిన దేశమునకు దండనయు లేదు.

2006లో వ్యూహమును సవరించి ఏడు సవాళ్లను పేర్కొనిరి. సమాఖ్య గణాంక సంస్థ యైన యూరోస్టాట్ రెండేండ్లకొక పర్యాయము ప్రగతి సూచికలను ప్రకటించుచు వచ్చెను. 2010 వచ్చెను, జీవవైవిధ్య లక్ష్యము నెరవేరలేదు, గడువు 2020కి జరిగెను. పొగాకు పంటతో ముడిపడిన సాయము మాత్రము 2004 నాటి సంస్కరణ శాసనము వలన 2010 నాటికి నిలిచిపోయెను. 2005లో ఆరంభమైన ఉద్గారముల వ్యాపార విధానము, విద్యుత్కేంద్రములును పెద్ద కర్మాగారములును విడుచు బొగ్గుపులుసు వాయువునకు టన్నుల లెక్కన వెల కట్టుటచే, తొలినాళ్ల లోపములెన్ని యున్నను నిలద్రొక్కుకొనినది. శాసనమైనది నిలిచినది, తీర్మానముగా మిగిలినది కరగిపోయినది. 2019 డిసెంబరులో ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ అధ్యక్షతన గల కమిషన్ ప్రకటించిన హరిత ఒప్పందము ఈ యనుభవమును గ్రహించినట్లే కనబడును: 1990తో పోల్చి నికర ఉద్గారములను 2030 నాటికి కనీసము 55 శాతము తగ్గించుటయు, 2050 నాటికి సున్నకు తెచ్చుటయు 2021 నాటి వాతావరణ శాసనముచే సమాఖ్యకు విధిగా నిర్ణయింపబడెను. పురుగుమందుల వాడుకను సగమునకు తగ్గింపవలెనను ప్రతిపాదనకు ఆ భాగ్యము కలుగలేదు. రైతులు ట్రాక్టర్లతో రహదారులను దిగ్బంధించిన 2024 ఫిబ్రవరిలో, అది శాసనము కాకమునుపే, దానిని ఉపసంహరించుకొనుచున్నట్లు కమిషన్ ప్రకటించెను.