మల్లన గణితము – అంకెల కంఠమాలలు



విడపనకల్లు వంటి మెట్టసీమలో లెక్క తెలియని గృహస్థు లేడు. ఎన్ని పదునుల వాన కురిసినది, విత్తనమునకు ఎంత వేరుశనగ పోయినది, అప్పుపై వడ్డీ ఎంత పెరిగినది – ఇవన్నియు మన పెద్దలు కాగితము లేకయే నోట వేసిన లెక్కలు. ఇట్టి లెక్కలకు తెలుగున తొలి గ్రంథము రచించినవాడు పావులూరి మల్లన. ఈతడు 11వ శతాబ్దివాడు. కావ్యము వ్రాసినట్లే గణితమును పద్యములలో వ్రాసెను. దానికి సారసంగ్రహ గణితమని పేరు. జనులు పావులూరి గణితమందురు.

దీనికి మూలము సంస్కృతమున ఉన్న గణితసారసంగ్రహము. కర్త మహావీరాచార్యుడు, జైనుడు. సుమారు క్రీ.శ. 850 ప్రాంతమున, మాన్యఖేటమును రాజధానిగా చేసికొని ఏలిన రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున రచించెను. మన సీమకు జైనము పరాయిది కాదు. మన పొరుగున, వజ్రకరూరు మండలమున ఉన్న కొనకొండ్ల జైనుల పుణ్యస్థలము. అచటి రసాసిద్ధుల గుట్టపై జైనమూర్తులు నేటికిని కలవు. మహావీరాచార్యుడు గ్రంథాదిని గణితమును కొనియాడుచు సంగీతమునకు, నాటకమునకు, వైద్యమునకు, వాస్తువునకు, చివరకు వంటకును అది కావలెనని చెప్పెను. వంటను విడువకపోవుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి.

మల్లన మూలమును తెలుగు చేయునప్పుడు జైన ప్రసక్తులను తొలగించి శైవమైన వానిని చేర్చెను. జినాలయములో పూలు సమర్పించిన లెక్క శివాలయపు లెక్క అయినది. ఇది మతద్వేషమని కొందరందురు. మాకట్లు తోచదు. లెక్క నేర్చు పిల్లవానికి తానెరిగిన గుడి, తానెరిగిన దైవము కావలెను. అయినను మన పిల్లలకు మల్లన పేరు చెప్పునపుడు మహావీరాచార్యుని పేరును చెప్పవలెను. ఋణము ఋణమే, దైవము పేరు మార్చినంతమాత్రమున అది తీరదు.

ఇక ఈ శాస్త్రములోని వేడుక చూడుడు. కొన్ని గుణకారముల ఫలితములు హారములోని పూసలవలె వరుసగా వచ్చును. మహావీరాచార్యుడు వానిని కంఠాభరణములన్నాడు. 12345679 ని 9 చేత గుణించిన 111111111 వచ్చును. ఇందు 8 లేకపోవుటను గమనించితిరా? కారణము వెదకుటకు వెనుకనుండి రండు. తొమ్మిది ఒకట్లను 9 చేత భాగింపుడు. 11 లో 1 పోయి 2 మిగులును. 21 లో 2 పోయి 3 మిగులును. 31 లో 3 పోయి 4 మిగులును. ఇట్లే సాగి 71 లో 7 పోయి 8 మిగులును. తరువాత వచ్చునది 81. అందు తొమ్మిది తొమ్ములు సరిగా ఇమిడిపోవును, శేషము సున్న. కనుక 7 వెనుక 9 వచ్చినది, 8 కి చోటు దక్కలేదు. ఇందు మాయ లేదు, మంత్రము లేదు. తెలిసికొన్నను ఆశ్చర్యము తగ్గదు.

మల్లన పేరిట చదరంగపు లెక్క పద్యమొకటి ప్రసిద్ధము. మొదటి గడిలో ఒక గింజ, తరువాతి గడిలో రెండు, ఆపై నాలుగు – ఇట్లు 64 గడులు రెట్టించిన మొత్తము 18446744073709551615. అనగా 1,84,467 కోట్లకోట్లకు మించినది. ఇరువది స్థానముల ఈ సంఖ్య ఒక్క పద్యములో ఒదిగినది. పూర్వులు అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడిరి: చంద్రుడు 1, అగ్ని 3, వేదములు 4, బాణములు 5, గిరులు 7, గగనము 0. పైగా అంకెలు ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచును. వేద బాణ చంద్ర అన్నచో 451 కాదు, 154. పద్యము కంఠస్థమైనవానికి సంఖ్యయు కంఠస్థమే. తాటాకు చెదలు తినవచ్చును గాని ఛందస్సు అంకెను జారనీయదు.

ఈ నోటి విద్య మన ప్రాంతపు వీధిబడులలో ఎట్లుండెనో ఒక సాక్ష్యము కలదు. అనంతపురము జిల్లా 1882లో ఏర్పడకముందు ఈ సీమ బళ్ళారి జిల్లాలోనిది. సర్ థామస్ మన్రో బడుల వివరములు కోరగా, బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో నివేదిక పంపెను. 9,27,857 మంది జనులకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు, ఎక్కములు వల్లించుచు, నాణెముల, తూనికల, కొలతల లెక్కలు నేర్చుచుండిరి. రామాయణ భారత భాగవతములే చదువు పుస్తకములు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పు పద్ధతిని ఇంగ్లండువారు అనుకరించుట తగియే ఉన్నదని ఆయన మెచ్చెను. ఆ నివేదికలోనే మరియొక మాట: పూర్వము బడులున్న అనేక గ్రామములలో అవి లేకపోయినవి, దేశము క్రమముగా పేదదగుటయే కారణము. తమ పాలనలోని సీమను గూర్చి తెల్లదొర వ్రాసిన మాట కనుక దీనిని తేలికగా తీసివేయరాదు. కరవు ముందుగా గాదెను ఖాళీ చేయును, పిమ్మట బడిని.

మహావీరుని గ్రంథము 1912లో మద్రాసున రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో అచ్చయి లోకమునకు తెలిసినది.

ఇంటికి పోయి పిల్లలచేత రెండు లెక్కలు చేయింపుడు. 152207 ను 73 చేత గుణించిన ఎనిమిది ఒకట్లు వచ్చును. 27994681 ని 441 చేత గుణించిన వచ్చు హారము ఒకటి నుండి ఆరు వరకు ఎక్కి మరల ఒకటికి దిగును. దానిని మాత్రము మేమిచట వ్రాయము.