ఇళ్ల మరమ్మతు నిబంధనలు – హైదరాబాద్ పాతబస్తీ

సొంత ఇల్లే అయినా అది పక్కింటి మీదో, దారిన పోయేవారి మీదో కూలిపడే స్థితికి రాకుండా చూసుకోవలసిన బాధ్యత యజమానిది. యజమాని పట్టించుకోకపోతే పాలకులు కల్పించుకుంటారు. ఈ రెండు సూత్రాల మీద నడిచే నియమాలనే ఇళ్ల మరమ్మతు నిబంధనలు అంటారు. హైదరాబాద్‌లో ఇవి నగరమంతటికీ ఒక్కటే. కాని మూసీకి దక్షిణాన, చార్మినార్ చుట్టూ అల్లుకున్న పాతబస్తీలో వీటి అమలుకు వేరే చరిత్ర ఉంది. ఇక్కడి ఇళ్లలో చాలావాటి వయసు, వాటికి వర్తించే చట్టం వయసు కంటే ఎక్కువ. అమలు చేసే సంస్థ పేరు కాలాన్ని బట్టి మారుతూ వచ్చినా జనం దాన్ని నేటికీ బల్దియా అనే పిలుస్తారు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నగరాన్ని స్థాపించినప్పుడు మీర్ మోమిన్ అస్త్రాబాదీ చార్మినార్ కూడలి నుంచి నాలుగు దిక్కులకూ రాజవీధులు సాగేలా నక్షా గీశాడు. ఆ తర్వాత కుతుబ్‌షాహీల కాలంలోనూ, మొగలుల కాలంలోనూ, తొలి అసఫ్‌జాహీల కాలంలోనూ వీధుల మంచిచెడ్డలు కొత్వాలు చేతిలోనే ఉండేవి. నగరం చుట్టూ 1740 నాటికి పూర్తయిన ప్రాకారంలోని 14 దర్వాజాలలో ఇప్పుడు దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రమే మిగిలాయి.

పురపాలన అనే మాటకు అర్థం వచ్చింది 1869లో. దివాన్ మొదటి సాలార్ జంగ్ పురపాలనకూ రోడ్ల నిర్వహణకూ ఒక శాఖను ఏర్పరచి, దానికి కమిషనర్‌ను నియమించాడు. నగరాన్ని నాలుగు విభాగాలుగానూ, శివారు చాదర్‌ఘాట్‌ను ఐదు విభాగాలుగానూ పంచారు. అప్పటికి నగర విస్తీర్ణం 55 చదరపు కిలోమీటర్లు, జనాభా 3.5 లక్షలు. 1886లో చాదర్‌ఘాట్ వేరే మునిసిపాలిటీ అయింది. ఊడ్పు, దీపాలు, రోడ్లు ఆ శాఖ పరిధిలోకి వచ్చాయి గాని, పెద్దింటి భవంతులైన దేవిడీల గోడల లోపలికి దాని చేయి పోలేదు. నవాబులు, జాగీర్దార్ల ప్రాకారాల మధ్య ఇల్లు పడినా నిలిచినా అది ఆ ఇంటి సొంత వ్యవహారమే.

ఆ పద్ధతి మారడానికి కారణం మూసీ. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15,000 మంది చనిపోయారు. కూలిన ఇళ్లు 19,000 వరకు ఉంటాయని అంచనా. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి ప్రాంతాలు తుడిచిపెట్టుకుపోయాయి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలెక్కి 150 మంది బతికి బయటపడ్డారని చెబుతారు. చెట్టు ఇంకా ఉంది. నది ఒడ్డున మట్టి గోడల ఇళ్లు ఇరుకిరుకుగా కిక్కిరిసి ఉండడం ప్రాణనష్టాన్ని పెంచింది. ఒకరి ఇంటి నాసితనం వీధి మొత్తానికి ముప్పు అవుతుందన్న సంగతి పాలకులకు అలా అనుభవంలోకి వచ్చింది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆహ్వానంపై 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చారు. వరద నివారణతో పాటు మురుగు కాలువల పథకం కూడా ఆయన పరిశీలనలోకి వచ్చింది. ఆయన సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. పాఠ్యపుస్తకాలు అక్కడితో ఆగుతాయి. కాని ఇళ్ల చరిత్రలో అంతకంటే పెద్ద మలుపు 1912 నాటిది. ముందు ఏడాది నగరంలో ప్లేగు చొరబడింది. గాలీ వెలుతురూ లేని ఇళ్లలో అది త్వరగా పాకింది. 1896 ప్లేగు తర్వాత బొంబాయిలో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టిన ఉదాహరణ కళ్ల ముందే ఉంది. కొత్తగా గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును స్థాపించాడు. దాని ఉర్దూ పేరు ఆరాయిష్-ఎ-బల్దా, అంటే నగరాలంకరణ. పేరులో అలంకరణ ఉన్నా బోర్డు ముందుగా చేపట్టింది కూల్చివేతలనే.

బోర్డు పని తీరు మెచ్చదగినది. ఇల్లు పాడుబడింది, బాగుచేసుకో అని యజమానికి కాగితం పంపి ఊరుకోలేదు. ఇరుకు బస్తీని మొత్తంగా సేకరించి, పరిహారం చెల్లించి, ఇళ్లను తీసివేసి, వీధులు వేసి, మురుగు కాలువ తవ్వి, ఆ తర్వాత కొత్త ఇళ్లు కట్టేది. నాంపల్లిలో మొదలైన ఈ పని పాతబస్తీలో మొగల్‌పురా, సుల్తాన్‌షాహీ వంటి చోట్లకు విస్తరించింది. అద్దె కట్టగల స్థోమతను బట్టి తరగతులుగా క్వార్టర్లు కట్టి, ఇల్లు పోయినవారికీ చిన్న జీతగాళ్లకూ ఇచ్చేవారు. ఆజంపురాలో, నది అవతల మల్లేపల్లిలో, రెడ్‌హిల్స్‌లో బోర్డు ఇళ్లు వచ్చాయి. ఆ ఇళ్లను పెద్దవాళ్లు నేటికీ సీఐబీ క్వార్టర్లు అంటారు. కొన్నాళ్ల తర్వాత నిజాం రెండవ కుమారుడు మొఅజ్జమ్ జా బోర్డు అధ్యక్షుడయ్యాడు. ఆయన పేరిట వెలసిన మార్కెట్ 1935 నాటిది. అంతకుముందు, డ్రైనేజీ పనుల కోసం 1922లో విశ్వేశ్వరయ్యను మళ్లీ పిలిపించారు.

బోర్డు ఆశయం ఏమిటో తెలియాలంటే పత్తర్‌గట్టీ చూడాలి. మదీనా కూడలి నుంచి చార్‌కమాన్ వైపు నడుస్తుంటే రెండు పక్కలా నల్లసేనపు రాతి కమాన్ల వరస కనిపిస్తుంది. కింద దుకాణం, దాని ముందు నీడలో నడవ, పైన గదులు, వాటికి మళ్లీ చిన్న కమాన్లు. దుకాణాలు వేర్వేరు వ్యాపారులవి, ముఖం మాత్రం ఒక్కటే. ఎవరూ తన ఇష్టం వచ్చినట్టు ముందుకు జరగకుండా, ఎత్తు పెంచకుండా కట్టడమే కట్టుబాటుగా నిలిచింది. రాయికి రంగు అక్కర్లేదు, పూత అక్కర్లేదు. దశాబ్దాలు గడిచాక కూడా ఆ కమాన్లు నిలిచే ఉన్నాయి. వాటి మీద బిగించిన రేకు బోర్డులు, ఏసీ డబ్బాలు, కరెంటు తీగల చిక్కులే చూపుకు అడ్డం.

1933లో చాదర్‌ఘాట్‌ను కలిపి నగర పురపాలనకు చట్టబద్ధ ప్రతిపత్తి ఇచ్చారు. 1934లో తొలి ఎన్నికలు జరిగాయి. 1944లో మహమ్మద్ ఫయాజుద్దీన్ నగరానికి మాస్టర్ ప్లాన్ రూపొందించాడు. హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత రాజ్యం మారింది, జాగీర్లు పోయాయి, దేవిడీల ఆదాయం ఎండిపోయింది. బోర్డు పనిని హౌసింగ్ బోర్డు అందుకుంది. దాని ఇటుకలు, సిమెంటు కొత్త కాలనీల వైపు మళ్లాయి.

ప్రస్తుతం అమల్లో ఉన్నది 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు ఏకమైనప్పుడూ, 2007 ఏప్రిల్ 16న శివారు మునిసిపాలిటీలను కలుపుకొని గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఏర్పడినప్పుడూ ఇదే కొనసాగింది. శిథిల గృహాలకు ఆయువుపట్టు దీనిలోని 456వ సెక్షన్. కట్టడం శిథిలమైందని గాని, కూలేలా ఉందని గాని, నివసించేవారికో దారిన పోయేవారికో అపాయమని గాని కమిషనర్‌కు తోస్తే, దాన్ని కూల్చమనో, దన్ను పెట్టి కాపాడమనో, మరమ్మతు చేయమనో యజమానికి గాని అందులో ఉంటున్నవారికి గాని రాతపూర్వకంగా చెప్పవచ్చు. ఏటా వానకాలానికి ముందు టౌన్‌ప్లానింగ్ సిబ్బంది గల్లీలు తిరిగి పాత ఇళ్లను లెక్క రాసుకుంటారు. నోటీసు చేతికి తీసుకోకపోతే తలుపుకు అంటించి పంచనామా రాస్తారు. పరిస్థితి మరీ విషమంగా ఉంటే ఖాళీ చేయించి సీలు వేసి, ముందు కర్రలు కట్టి దారి మళ్లిస్తారు.

ఇక్కడి ఇల్లు ఎలా పాడవుతుందో తెలియకపోతే ఈ నోటీసు ఎందుకు అంతమాత్రంగా పనిచేస్తుందో అర్థం కాదు. పాతబస్తీ మేడ సాధారణంగా రాతి గోడ, డంగు సున్నం, టేకు దూలాలు, వాటి మీద చిన్న వాసాలు, వాసాల మీద నిలువుగా పేర్చిన ఇటుకలతో వేసిన మద్రాసు టెర్రస్. సున్నం తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. ఎవరో ఒక వేసవిలో గోడకు సిమెంటు పూత వేయిస్తారు. తడి లోపలే ఉండిపోతుంది. దూలం కొస గోడలో దిగినచోట, కంటికి కనిపించని చోట, టేకు మెత్తబడుతుంది. పైన పిట్టగోడ పగులులో పిట్ట వేసిన రావి గింజ మొలకెత్తుతుంది. దాన్ని కోస్తారు గాని వేరు తీయరు. కింద ముల్గీకి, అంటే దుకాణపు గదికి, షట్టర్ పెట్టడానికి గోడను వెడల్పుగా తొలుస్తారు. ఇవేవీ ఒక్కరోజులో ఇంటిని పడగొట్టవు. నాలుగు రోజులు విడవకుండా ముసురు పట్టినప్పుడు నానిన మిద్దె బరువంతా ఆ మెత్తబడిన కొసల మీద పడుతుంది.

మరమ్మతుకు సుతారి పని తెలిసినవాడు కావాలి, సున్నం కావాలి, డబ్బు కావాలి. వీటికంటే ముందు, చేయించడానికి ఒక యజమాని కావాలి. తాతగారి పేరు మీదే ఉన్న ఇంటికి ముగ్గురు నలుగురు కొడుకుల సంతానం వాటాదార్లు. కొందరు ఇక్కడ, కొందరు గల్ఫ్‌లో, కొందరు షికాగోలో. కొన్ని వక్ఫ్ ఆస్తులు, కొన్ని కోర్టు వ్యాజ్యంలో ఉన్నవి. అద్దెదార్ల లెక్క వేరు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద ఏనాడో కుదిరిన కిరాయి యజమానికి సున్నం ఖర్చుకు కూడా చాలదు. అదే చట్టంలోని 12వ సెక్షన్ మరమ్మతు కోసం ఇల్లు ఖాళీ చేయించే వీలు కల్పించింది. పని అయ్యాక తిరిగి అప్పగిస్తాననే హామీ ఇవ్వాలి. కాని ఒకసారి గడప దిగితే మళ్లీ ఎక్కలేమన్న భయంతో అద్దెదారు కదలడు. ఆ భయం నిరాధారమైనది కాదు. శిథిల భవనమని నోటీసు తెప్పించుకుంటే అద్దెదారును వెళ్లగొట్టవచ్చని చూసే యజమాని కూడా ఉంటాడు.

బొంబాయి ఇదే చిక్కును మరోలా ఎదుర్కొంది. 1969 చట్టంతో అక్కడ పాత భవనాల మరమ్మతు బోర్డు ఏర్పడింది. పాత అద్దె ఇళ్ల మీద సెస్సు వసూలు చేసి, ఆ సొమ్ముతో బోర్డే మరమ్మతులు చేయిస్తుంది. దాని లోపాలు దానికున్నా, గోడకు దన్ను పెట్టే పని ఎవరిదన్న ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. హైదరాబాద్ చట్టంలో ఖర్చు యజమానిదే. బల్దియా చేయిస్తే ఆ ఖర్చును అతడి దగ్గర వసూలు చేసుకుంటుంది.

కూల్చమనే నియమం పక్కనే కూల్చవద్దనే నియమం 1995లో వచ్చింది. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లో 13వ రెగ్యులేషన్ చేర్చి, వారసత్వ కట్టడాల పరిరక్షణ కమిటీని నియమించారు. 1998లో 130కి పైగా కట్టడాలను జాబితాలో చేర్చారు. వాటిని కమిటీ అనుమతి లేకుండా మార్చకూడదు, పడగొట్టకూడదు. ప్రభుత్వ కట్టడాలకు ఇది కొంత రక్ష అయింది. ప్రైవేటు దేవిడీలకు మాత్రం ఆంక్ష వచ్చింది, నిధి రాలేదు. 1845 నాటి మాల్వాలా ప్యాలెస్ జాబితాలో ఉండగానే 2000 ప్రాంతంలో చాలావరకు నేలమట్టమైంది. కొయ్య చెక్కడాల ఆ మండువా పోవడం నగరానికి తీరని లోటు. 2015లో 13వ రెగ్యులేషన్‌ను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదని, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలని చెప్పింది. చిన్న స్థలాలే ఎక్కువున్న పాతబస్తీకి ఇది మేలైన మార్పు. అయినా ప్రమాదాలు ఆగలేదు. అదే ఏడాది అక్టోబరు 13 రాత్రి కుండపోతలో బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో ప్రహరీ గోడ ఇళ్ల మీద పడి పలువురు చనిపోయారు. 2025 మే 18 తెల్లవారుజామున గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 8 మంది పిల్లలు. ఆ ఇంటికి రాకపోకలకు ఉన్నది ఒక్క ఇరుకు దారి. శిథిల గృహాల తనిఖీలో పగుళ్లు చూస్తారు, వంగిన గోడలు చూస్తారు. గట్టిగా నిలబడి ఉన్న ఇంట్లో మెట్ల వెడల్పూ, పాత తీగల మీద పడిన కొత్త ఏసీల బరువూ ఆ లెక్కలోకి రావు.

బల్దియా దక్షిణ మండల కార్యాలయం చాలా కాలం నడిచింది చార్మినార్ సమీపంలోని సర్దార్ మహల్‌లో. మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1900లో తన బేగం కోసం ఐరోపా పద్ధతిలో కట్టించిన భవనం అది. ఆమెకు నచ్చక అందులో కాపురం ఉండలేదని చెబుతారు. ఆస్తి పన్ను బకాయిల కింద 1965లో బల్దియా దాన్ని స్వాధీనం చేసుకుంది. వానకాలం ముందు శిథిల గృహాల దస్త్రాలు కదిలిన ఆ గదుల్లోనే పైకప్పు కారింది, గోడల పూత రాలింది. 2022లో దాన్ని సాంస్కృతిక కేంద్రంగా పునరుద్ధరించే పనులకు శంకుస్థాపన జరిగింది.