అడుసు దారులలో మోటారు సైకిలు

రెండు చక్రములపై నడచు వాహనమునకు వేగమే ఊతకఱ్ఱ. గట్టి రహదారిపై ఆ ఊత సులభముగా లభించును. అడుసులో నన్ననో, నేల జాఱును, చక్రము దిగబడును, వేగము సన్నగిల్లును. ఆ మరుక్షణముననే వాహనము ప్రక్కకు ఒఱగును. కావున మోటారు సైకిలు చరిత్రను అది సాధించిన వేగములతో పాటు, అది దాటిన బురదతో గూడ కొలువవచ్చును.

1885లో జర్మనీ దేశమున గోట్‌లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మేబాకు కొయ్యచట్రమునకు పెట్రోలు యంత్రము నమర్చి తొలి మోటారు సైకిలును నడిపించిరి. తరువాత మూడు దశాబ్దములు నిండకమునుపే, 1913లో, ఇంగ్లండునందలి కార్లైల్‌లో ఆరుదినముల అంతర్జాతీయ పరీక్ష ఆరంభమయ్యెను. కఠినమైన దారులలో యంత్రము యొక్క మన్నికను, మనిషి యొక్క ఓర్పును పరీక్షించుటయే దాని ఆశయము.

మఱుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధము ఆ పరీక్షను ప్రాణాంతక మొనర్చెను. ఫిరంగి గుండ్లకు టెలిఫోను తీగలు తెగిపోవగా, వార్తలు చేరవేయు భారము మోటారు సైకిలు వార్తాహరులపై పడెను. 1915లో వెలువడిన ట్రయంఫు ‘మోడల్ హెచ్’ వాహనములు సుమారు 30,000 సైన్యమునకు చేరెను. దాని వెనుక చక్రమును త్రిప్పునది పట్టా. తడిసిన పట్టా జాఱుట సహజము. సందేశము ఆలస్యమైనచో నష్టపోవునవి ముందువరుసలోని సైనికుల ప్రాణములు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున బీఎండబ్ల్యూ సంస్థ ఆర్-75 అను యంత్రమును నిర్మించెను. 750 సీసీ తరగతికి చెందిన ఈ వాహనమున ప్రక్కబండి చక్రము గూడ యంత్రశక్తితో తిరుగును. వెనుకకు నడచుటకు ప్రత్యేకమైన గేరు కలదు. బరువు ప్రక్కబండితో కలిపి 420 కిలోగ్రాములు. ఇన్ని హంగులున్నను, 1941 శరదృతువున రష్యా బురద జర్మను వాహనశ్రేణులను దారిలోనే నిలిపివైచెను. చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ మట్టి పేరుకొన్నచో ఎంతటి అశ్వశక్తియు నిరుపయోగమే. క్రమముగా పెక్కు దళములలో మోటారు సైకిళ్ల స్థానమును నాలుగుచక్రముల తేలికబండ్లు ఆక్రమించెను.

స్వాతంత్ర్యానంతరము మన సైన్యము సరిహద్దు గస్తీకై 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టును ఎన్నుకొనెను. తెలుగువారికి చిరపరిచితమైన మద్రాసు నగర శివార్లలోని తిరువొత్తియూరున 1955లో దాని నిర్మాణమునకు ఏర్పాట్లు జరిగెను. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను కూర్చెడివారు. పిమ్మట భాగములు గూడ ఇచ్చటనే తయారయ్యెను. అదే సంస్థ 2016లో కొండదారులకై 411 సీసీ ‘హిమాలయన్’ను వెలువరించెను.

దూరప్రయాణమును, దారిలేని దారిని ఒకే యంత్రముతో సాధింపవలె నను తలంపునకు ఊపునిచ్చినది పారిస్-డకార్ పందెము. తియెరీ సబీన్ అను ఫ్రెంచివాడు నెలకొల్పిన ఈ పందెము 1978 డిసెంబరు 26న పారిసున బయలుదేరెను. తొలి విజేత సిరీల్ నెవ్యూ నడిపినది 500 సీసీ యమహా మాత్రమే. 1980లో బీఎండబ్ల్యూ ఆర్-80 జీ/ఎస్ వెలువడెను. ఆ రెండక్షరములకు జర్మను భాషలో ‘బయలునేల, రహదారి’ అని అర్థము. ఆ తరహా యంత్రములతో యూబెర్ ఓరియోల్ 1981, 1983 సంవత్సరములలోను, గాస్టన్ రాహియే 1984, 1985 సంవత్సరములలోను విజయము సాధించిరి. భారీ సాహస వాహనములకు ప్రపంచమున గిరాకీ పెరిగినది అప్పటినుండియే.

అయినను బరువు తన మూల్యమును వసూలు చేయక మానలేదు. 2004లో నటుడు యూవన్ మెక్‌గ్రెగర్, ఆయన మిత్రుడు చార్లీ బూర్మన్ లండన్ నుండి తూర్పుదిశగా న్యూయార్కునకు సాగిరి. మంగోలియా బురదలో సామాను నిండిన వారి భారీ యంత్రములు పలుమార్లు పడిపోయెను. వెంటనున్న ఛాయాగ్రాహకుని వాహనపు చట్రము విరుగగా, అతడు అచ్చటనే కొన్న రష్యను మోటారు సైకిలుపై ప్రయాణము సాగించెను. డకార్ పందెమునందు సైతము 2011 నుండి 450 సీసీకి మించిన మోటారు సైకిళ్లకు ప్రవేశము లేదు.

నేటి పెద్ద యంత్రములు పలువురు 200 నుండి 250 కిలోగ్రాముల వరకు తూగును. బురదలో వాటిని నడుపువారు ఫుట్‌రెస్టులపై నిలబడుదురు. చక్రము ముందరి గుంటను గాక, దూరముగా నున్న గట్టినేలను చూతురు. చిన్న గేరులో ఒకే తీరున శక్తి నిత్తురు. హఠాత్తుగా బ్రేకు వేయరు. పడిన వాహనమును లేవనెత్తగల తోడు లేనిదే అట్టి దారికి పోకుండుట వివేకము.

ఒక్క మాట మఱువరాదు. యాత్రికునకు ఒకనాటి సాహసమైన అడుసుదారి, ఆ ప్రాంతపు ప్రజలకు ఆసుపత్రికిని పాఠశాలకును పోవు నిత్యమార్గము. 1960లో సరిహద్దు రహదారుల సంస్థ స్థాపింపబడిన పిమ్మట మన కొండసీమలలో వేలాది కిలోమీటర్ల బాటలు ఏర్పడెను, మిగిలినవి ఏర్పడుచున్నవి. బరువైన చక్రము త్రవ్విన గాడి మఱునాడు ఆ గ్రామస్థుని బండికి అడ్డగును. కావున మంచి సవారీ చేయువాడు తాను దాటిన బాటను వెనుక వచ్చువారికి నడువ యోగ్యముగా విడిచిపోవలెను.