దాచిన తుపాకి పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో 21 ఏళ్లు నిండిన అర్హులు 2010 నుంచి లైసెన్సు లేకుండానే దుస్తుల కింద తుపాకి దాచుకొని తిరగవచ్చు. అదే అరిజోనా ఇంకా రాష్ట్రం కాని రోజుల్లో, వెండిగనుల పట్టణమైన టూంబ్‌స్టోన్ 1881 ఏప్రిల్‌లో చేసిన తొమ్మిదో నంబరు పురశాసనం ప్రకారం, ఊళ్లోకి వచ్చినవారు తుపాకులనూ పెద్ద కత్తులనూ గుర్రపుశాలలోనో మద్యశాలలోనో అప్పగించి, వెళ్లేటప్పుడు తిరిగి తీసుకోవలసి వచ్చేది.

హాలీవుడ్ పదేపదే తెరకెక్కించిన ఓ.కె. కొరాల్ కాల్పులకు తక్షణ కారణం ఈ శాసనమే. 1881 అక్టోబరు 26న ఆయుధాలతో పట్టుబడిన ఐక్ క్లాంటన్‌కు న్యాయాధికారి 25 డాలర్ల జరిమానా వేయగా, ఆ మధ్యాహ్నమే అతని తమ్ముడు బిల్లీ, మెక్‌లారీ సోదరులు ఆయుధాలు వీడలేదని విని, పట్టణ మార్షల్, అంటే పోలీసు అధిపతి, వర్జిల్ ఎర్ప్ తన తమ్ముళ్లు వ్యాట్, మోర్గన్‌లతోనూ వారి మిత్రుడు డాక్ హాలిడేతోనూ బయలుదేరాడు. అర నిమిషంలో సుమారు 30 తూటాలు పేలి, బిల్లీ, మెక్‌లారీ సోదరులిద్దరూ మరణించారు. ఆయుధనిషేధాన్ని అమలు చేయబోయిన హాలిడే మాత్రం, వర్జిల్ అతని చేతికర్ర తీసుకొని ఇచ్చిన షాట్‌గన్‌ను పొడుగు కోటు కింద దాచుకునే వెళ్లాడు. సినిమాలు శౌర్యాన్ని నిలుపుకొని, దానికి మూలమైన పురపాలక నిబంధనను జారవిడవడం చరిత్రకు జరిగిన నష్టమే.

చేతికర్రకూ ఈ చరిత్రలో చోటుంది. బాహాటంగా ఆయుధం ధరించేవాడు మర్యాదస్తుడనీ, దాచుకొనేవాడు హంతకుడనీ తలచే కాలంలో, కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లో దాపరికాన్ని నిషేధించాయి. కెంటకీలో కర్రలో కత్తి దాచినందుకు శిక్ష పడిన బ్లిస్ అనే వ్యక్తి వ్యాజ్యంలో అక్కడి అప్పీలు న్యాయస్థానం 1822లో ఆ చట్టాన్ని కొట్టివేయగా, రాష్ట్రం 1850 నాటి రాజ్యాంగంలో నిషేధాధికారాన్ని స్పష్టంగా రాసుకుంది.

1911లో నవలాకారుడు డేవిడ్ గ్రాహం ఫిలిప్స్ హత్య తరువాత న్యూయార్క్ సలివాన్ చట్టంతో చిన్న తుపాకులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. తదుపరి అక్కడ చేరిన ‘తగిన కారణం’ అనే షరతును సుప్రీంకోర్టు 2022లో రద్దు చేసింది. ఈ మధ్యలో 1987లో ఫ్లోరిడా, అర్హతలుంటే అధికారి అనుమతి ఇచ్చితీరాలనే పద్ధతిని తెచ్చింది. వెర్మాంట్‌లో మాత్రం అనుమతి పత్రమే ఏనాడూ లేదు. అందువల్ల, పొరుగు అనుమతులను గుర్తించే రాష్ట్రాలకు తుపాకి దాచుకొని వెళ్లదలచిన వెర్మాంట్ వాసి, సొంత రాష్ట్రం ఇవ్వని కాగితాన్ని మరో రాష్ట్రం నుంచి సంపాదించుకోవాలి.